కడిగినందుకు కాదు

మా వంటగదిలో చెప్పులు విడవకుండా నిలబడి ఒక మనిషి నన్ను ఒక మాట అన్నాడు. "మీరు కడిగి కడిగి పాడుచేసిన్రు మేడం." అన్నది ఆ వంటగదిని కొత్తగా చేసిన కార్పెంటరే. అప్పుడు అక్కడ నేను, మా ఆయన, షాద్‌నగర్ నుంచి వచ్చిన మా ఆడబిడ్డ ఉన్నాం. ఆడబిడ్డ అవునవునని తలూపింది. మా ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు. కిటికీ బయట పక్కింటి వాళ్ల గోడ తప్ప ఏమీ లేదు.

చెక్క పాడైతే మార్చుకోవచ్చు. ఆ మాట మాత్రం నెలల తరబడి నా వెంట తిరిగింది.

కడగడం అంటే ఏమిటో ముందు చెప్పాలి. ఇప్పుడు చాలామందికి తుడవడానికీ కడగడానికీ తేడా తెలియదు. మా ఇంట్లో రోజూ తుడుస్తాం, శుక్రవారం కడుగుతాం. పాత వంటింట్లో షాబాద్ బండలు ఉండేవి. మూలకు నేల మట్టానికి ఒక తూము ఉండేది. శుక్రవారం పొద్దున పొయ్యి వెలిగించక ముందే రెండు బకెట్ల నీళ్లు పోసి, చీపురుకట్టతో రుద్ది, ఆ నీళ్లన్నీ తూములోకి నెట్టేసి, గడపకు పసుపు రాసేదాన్ని. మా అత్త ఉన్నప్పుడు ఆమె అదే చేసేది. నా చేతికి వంటిల్లు అప్పజెప్పిన రోజు ఆమె నాకు చెప్పింది కూడా అదొక్కటే. ఉప్పు ఎంత, కారం ఎంత అని ఏమీ చెప్పలేదు. శుక్రవారం నీళ్లు చూడని వంటిల్లు వంటిల్లు గాదు బిడ్డా అంది. ఇందులో మూఢనమ్మకం ఏమీ లేదు. నూనె చుక్క, పిండి, మెతుకు బండల సందుల్లోకి పోతే మాప్‌కు రావు, నీళ్లకే వస్తాయి. చూసినవాళ్లకు తెలుస్తుంది.

మా శంషాబాద్‌లో విమానాశ్రయం తెరిచిన మూడో ఏడు మేము వంటిల్లు కొత్తగా చేయించాం. మా ఆయన అక్కడ సరుకుల షెడ్డులో సూపర్‌వైజరు. తోటి ఉద్యోగుల ఫ్లాట్లకు భోజనాలకు వెళ్లి వచ్చినప్పుడల్లా వాళ్ల వంటగదుల గురించి చెప్పేవాడు. అరలు లాగితే వస్తాయట, మూస్తే చప్పుడు కావట. నేను కాదనలేదు, నాకే ఎక్కువ ఇష్టమైంది. పాత గోడ పొగకు నల్లబడి, ఎన్ని సున్నాలు వేసినా నల్లదనం పైకి వచ్చేది. గిన్నెల వెనక బల్లులు గుడ్లు పెట్టేవి. కొత్తది కావాలని ఆయన ఒక్కసారి అన్నాడు, నేను పదిసార్లు అన్నాను. అది దాచుకోను.

మొదటి గొడవ తూము దగ్గర వచ్చింది. టైల్స్ వేయడానికి వచ్చిన మేస్త్రీ శంషాబాద్ పాత మనిషి, ఇంట్లో ఉర్దూ, బయట తెలుగు. నన్ను అక్కా అనడానికి బాజీ అనేవాడు. నేను మధ్యాహ్నం టీ తీసుకుని వెళ్లి చూస్తే మూలన తూము లేదు. దాని మీద తెల్లటి టైలు నున్నగా కూర్చుంది. ఎవరిని అడిగి మూశావంటే, "ఇప్పుడెవరు కడుగుతున్రు బాజీ, అందరు మాప్ కొడుతున్రు" అన్నాడు. నేను కడుగుతున్నాను అన్నాను. ఆయన టీ తాగాడు. నేను అక్కడే నిలబడ్డాను. చివరికి ఆ కొత్త టైలు పగలగొట్టించి, తూము తెరిపించి, నేల వాలు మళ్లీ ఆ వైపుకు సరిచేయించేదాకా కదల్లేదు. సాయంత్రం మా ఆయన వచ్చి, ఒక పూట పని వృథా అయిందని, అంతా నా మొండితనమని విసుక్కున్నాడు. మేస్త్రీ మాత్రం చెంబుతో నీళ్లు గుమ్మం దగ్గర పోసి, అవి వంకర తిరగకుండా తూములోకి పోవడం చూపించి తనే మురిసిపోయాడు. "చూడు బాజీ, చీమ గూడ తొవ్వ తప్పది" అన్నాడు.

తర్వాత కార్పెంటరు. బెంగళూరు రోడ్డు మీద సాతంరాయిలో ఆయన దుకాణం. మొదటి రోజు ఒక ప్లైవుడ్ చెక్క ముక్క తెచ్చి మా బకెట్‌లో ముంచి, రేపటిదాకా తీయొద్దన్నాడు. మర్నాడు తీసి, తుండుతో తుడిచి, నా చెవి దగ్గర పెట్టి వేలితో కొట్టాడు. గట్టిగా పలికింది. "వాటర్ ప్రూఫ్ అక్కా, పడవ చేసుకున్నా నడుస్తది" అన్నాడు. నేను అంతటితో ఊరుకోలేదు. శుక్రవారం నీళ్లు పోసి కడుగుతాను, పరవాలేదా అని నోరు తెరిచి అడిగాను. కింది అరల డబ్బాలను నాలుగంగుళాల ప్లాస్టిక్ కాళ్ల మీద నిలబెడతానని, నీళ్లు వాటి కిందినుంచి పోతాయని, చెక్కకు తగలవని ఆయనే చెప్పాడు. ముందు కనిపించే పట్టీని కూడా లాగితే ఊడి వచ్చేలా పెడతానన్నాడు. ఇవన్నీ ఆయన మాటలు. ఆ ముక్కను నేను పారేయలేదు. పోపుల డబ్బా కింద పెట్టుకున్నాను.

ఇంకో సంగతి కూడా గమనించాను. పని నడిచినన్నాళ్లు నేను ఆయనకు అక్కను. పని అయిపోయిన మర్నాటి నుంచి మేడంను.

పని ఆషాఢం రాకముందే పూర్తి కావాలి. ఆషాఢంలో పాలు పొంగించరు కదా. అత్త పోయాక మా ఇంట్లో పెద్ద దిక్కు మా ఆడబిడ్డే, మా ఆయనకు అక్క, నాకు వదినె. ఆమె చేతులతోనే పాలు పొంగించాలని మా ఆయన పట్టు. జ్యేష్ఠం చివరి వారంలో నేను పుట్టింటివైపు పెళ్లికి మూడు రోజులు వెళ్లాల్సి వచ్చింది. వెళ్లేటప్పటికి పై అరలు మాత్రమే బిగించి ఉన్నాయి, కింద అంతా ఖాళీ. చెక్క ఇంకా రాలేదని కార్పెంటరు రోజూ చెబుతున్నాడు. తిరిగి వచ్చేసరికి కింది డబ్బాలన్నీ వరసగా నిలబడి ఉన్నాయి, తలుపులు కూడా వేసేశారు. ఇంత తొందరగా ఎలా అయిందని ఆశ్చర్యపోయాను. మనుషులను ఎక్కువ పెట్టించానన్నాడు మా ఆయన. సంతోషించాను. నాలుగు రోజుల్లో వదినె వచ్చింది, పాలు పొంగాయి, ఆమెకు చీర పెట్టాం.

ఆ వంటగదిని నేను ఎలా చూసుకున్నానో చెబితే కొందరు నవ్వుతారు, నవ్వుకోనివ్వండి. మా బోరు నీళ్లు ఉప్పు నీళ్లు. నల్ల గ్రానైటు మీద చుక్క ఆరితే తెల్లటి మచ్చ పడుతుంది. వారం ఊరుకుంటే అది రాయిలో కలిసిపోతుంది. అందుకని సింకు చుట్టూ పాత నూలుచీర ముక్కతో గిన్నెలు కడిగిన ప్రతిసారీ తుడిచేదాన్ని. నల్లా మూతికి వారానికోసారి నిమ్మచెక్క రుద్దేదాన్ని. పొయ్యి మీది చిమ్నీ జాలీని పదిహేను రోజులకోసారి విప్పి, మరిగిన నీళ్లలో బట్టల సోడా వేసి నానబెట్టేదాన్ని. లేకపోతే ఆ జిడ్డు కూరలోకి కారుతుంది. తలుపుల బందులకు కుట్టుమిషను నూనె ఒక్కో చుక్క వేసేదాన్ని. అప్పుడు మా వైపు ఎటు చూసినా రోడ్డు పనులు, ఎటు చూసినా లారీలు. పొద్దున తుడిచిన అర మీద మధ్యాహ్నానికి వేలితో పేరు రాయొచ్చు. నేను తుడిచాను. వేడి గిన్నె సన్‌మైకా మీద పెట్టొద్దు, తడి గిన్నె అరలో పెట్టొద్దు అని కాగితం మీద రాసి, తలుపు లోపలివైపు అంటించాను. మా ఇంట్లో ఆ కాగితం చదివిందీ పాటించిందీ నేనొక్కదాన్నే.

దసరాకు వచ్చిన వదినె ఆ కాగితం చూసి, "నీ వంటిల్లు బాలాపూర్ లడ్డు అయింది పిల్లా. దూరంకెల్లి చూసి దండం పెట్టాలె, ముట్టొద్దు" అంది. అందరూ నవ్వారు. ఆ మాటకు నేనూ నవ్వాను. దానికి నాకు కోపం లేదు. నేను జాగ్రత్తగా ఉన్నానని ఆమె నోటితోనే ఒప్పుకున్నట్టయింది. అదే నోటితో ఏడాది తిరక్కుండా ఇంకో మాట అంది కాబట్టి ఇది కూడా రాస్తున్నాను.

మరుసటి వానాకాలం సింకు కింది తలుపు పట్టుకోవడం మొదలైంది. మూస్తే పూర్తిగా మూసుకోదు, తెరిస్తే కింద రాసుకుంటుంది. బందు వదులైందేమో అనుకుని బిగించాను. వారానికి పక్క తలుపు. వంగి చూస్తే డబ్బా కింది పలక అంచు ఉబ్బి, పైనున్న సన్‌మైకా పగిలిన పెదవిలా లేచి ఉంది. చేత్తో తడిమితే పొట్టు రాలింది. గొట్టం ఎక్కడైనా కారుతోందేమోనని రాత్రి కాగితం పరిచి పొద్దున చూశాను. కాగితం పొడిగా ఉంది.

కార్పెంటరుకు ఫోన్ చేశాను. రేపన్నాడు, ఎల్లుండన్నాడు, బిడ్డకు జ్వరమన్నాడు. చివరికి మా ఆయన ఫోన్ చేస్తే వచ్చాడు. ఆ రోజే వదినె కూడా ఉంది. వచ్చినవాడు చెప్పులు విడవలేదు. పాలు పొంగిన ఇంట్లో, పొయ్యి ముందు, సాతంరాయి దుమ్ముతో నిలబడ్డాడు. కూర్చుని సరిగా చూడనైనా చూడలేదు. ముందు తూము చూశాడు, తర్వాత మూలన ఆనించి ఉన్న చీపురుకట్ట చూశాడు, తర్వాత ఆ మాట అన్నాడు.

నువ్వే కదా కడగొచ్చన్నావు అన్నాను. ఎప్పుడో ఒకసారి కడిగితే ఏం కాదు గాని వారం వారం బకెట్లు బకెట్లు పోస్తే ఇనుమైనా తుప్పుపడుతుందన్నాడు. నీళ్లు కాళ్ల కిందినుంచి పోతాయని నువ్వే చెప్పావన్నాను. అతను మా ఆయన వైపు తిరిగాడు. వాళ్లిద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. నాకది అప్పుడు అర్థం కాలేదు. ఆడమనిషితో వాదన ఎందుకని మొగవాళ్లు చూసుకునే చూపనుకున్నాను.

"నేను తూము మూసెయ్యమనే చెప్పిన, ఈమె ఇనలే" అన్నాడు మా ఆయన.

అంతే అన్నాడు. అది అబద్ధం కూడా కాదు. అందుకే ఎక్కువ మండింది.

ఆ తర్వాత ఆ మాట ఊళ్లు తిరిగింది. షాద్‌నగర్‌లో వదినె వాళ్ల చుట్టాల గృహప్రవేశానికి వెళ్లాం. భోజనాల వరసలో వదినెకు నాలుగు ఆకుల అవతల నేను ఉన్నాను. వదినె నాకు వినపడదనుకుందో, వినపడాలనే అనుకుందో, పక్కన కూర్చున్న తన తోటికోడలితో చెబుతోంది. "మా మరదలు కడుగుడుకు చెక్క ఈత నేర్సింది. మంచి వంటిల్లు చేపిచ్చిండు తమ్ముడు, నీళ్లు పోసి ముంచింది." తోటికోడలు పప్పు కలుపుకుంటూ నన్ను చూసి నవ్వింది. మా ఆయన ఎదురు వరసలో ఉన్నాడు. ఆయనకూ వినపడింది. పెరుగు వడ్డించేవాడిని పిలిచాడు.

నేను కడుపు నిండా తిని లేచాను. తినకుండా లేస్తే ఆమె మాట నిజమైనట్టు కదా.

నాకు చెక్క కాదు ముఖ్యం. పదిహేనేళ్లు ఒక వంటింటిని నా చేతుల మీద నిలబెట్టిన మనిషిని. పాడుచేసిందన్న పేరు నాకెందుకు రావాలి? ఆ శుక్రవారం నీళ్లు పోసి, కాళ్ల ముందున్న పట్టీ లాగేసి, సుద్దముక్కతో ప్రతి కాలు మీదా తడి ఎక్కడిదాకా వచ్చిందో గీత గీశాను. వేలి మందం కూడా లేదు. పైన మూడున్నర అంగుళాలు పొడిగా ఉన్నాయి. ఆఫీసుకు బయలుదేరుతున్న మా ఆయనను పిలిచి చూపించాను. నేల మీద వంగి చూశాడు. "వదిలెయ్ ఇగ, ఎందుకు పరేషాన్" అన్నాడు.

వదలలేదు. మరుసటి శుక్రవారం నుంచి కడగడం మానేశాను. రెండు బకెట్లూ బోర్లించి పెట్టాను. దసరా దాటింది, దీపావళి వచ్చింది. మూడు నెలలు వంటగదిలో నేల మీద చుక్క నీళ్లు పోయలేదు. తడిపి పిండిన గుడ్డతో తుడిచాను, అంతే. పొయ్యి ముందు నేల కాలికి జిగురుగా అంటుకునేది. శుక్రవారం పొద్దున లేవగానే చేయి బకెట్ మీదికి పోయేది, తీసుకునేదాన్ని. ఎవరికోసమో తెలియని వ్రతం లాగా చేశాను. సుద్దముక్కతో ఉబ్బిన చోట్ల అంచుల మీద కూడా గీతలు గీసి ఉంచాను. మూడు నెలలకు ఉబ్బు ఆ గీతలు దాటి జానెడు ముందుకు పోయింది. నేను నీళ్లు ముట్టని మూడు నెలల్లో, సింకుకు దూరంగా పప్పుల డబ్బాలున్న అర కూడా కింద పొంగింది.

అప్పుడు కూరగాయల కత్తితో ఆ అడుగు పలక మూల కోశాను. చెక్కలో పొరలుంటాయి, పోపుల డబ్బా కింది ముక్కలో ఉన్నట్టు. ఇందులో పొర లేదు. రంపం పొట్టును బంకతో అదిమి పలక చేసినట్టుంది. గోరుతో గీకితే ఉప్మారవ్వలా రాలింది. గాలిలో చెమ్మ చాలు దానికి, బకెట్ నీళ్లు అక్కర్లేదు.

రెండు ముక్కలూ సంచిలో వేసుకుని షేర్ ఆటో ఎక్కి సాతంరాయి వెళ్లాను. దుకాణంలో ఒక జంట మంచం బేరం చేస్తున్నారు. నన్ను చూసి కార్పెంటరు, తర్వాత రండి మేడం, గిరాకీ ఉన్నది అన్నాడు. కూర్చుంటానన్నాను. స్టూలు ఎవరూ చూపించలేదు, నేనే లాక్కున్నాను. వాళ్లు చేతులు కడుక్కునే బకెట్ అక్కడే ఉంది. రెండు ముక్కలూ అందులో వేశాను. మంచం కొనడానికి వచ్చినావిడ ఏంటమ్మా అది అని అడిగింది. ఈ రెండూ ఈయన ఇచ్చినవే, ఒకటి మాకు చూపించినది, ఒకటి మా ఇంట్లో వేసినది, ఏది ఏదో కాసేపట్లో తెలుస్తుందన్నాను. ఆవిడ మంచం వదిలి బకెట్ చూడటం మొదలుపెట్టింది.

కార్పెంటరు చేతిలో టేపు చుట్టేసి దగ్గరికి వచ్చాడు. "అక్కా, జర లోపలికి రా."

మళ్లీ అక్కనయ్యాను.

లోపల అతను నా ముఖం చూడలేదు. తలుపు చట్రానికి ఆనుకుని నిలబడి చెప్పాడు. నేను పెళ్లికి వెళ్లిన మూడు రోజుల్లో మా ఆయన ఈ దుకాణానికి వచ్చాడు. చెక్క రావడానికి ఇంకో పది రోజులు పడుతుందని కార్పెంటరు అన్నాడు. పది రోజులంటే ఆషాఢం.

"సారే అన్నడక్కా. మా అక్క వచ్చి పాలు పొంగియ్యాలె, దుకాణంల ఏమున్నదో అది కింద ఏసెయ్యి, తలుపు మూస్తే ఎవ్వరికి కనబడతది అన్నడు. తలుపులకు మంచిదే ఏసిన, డబ్బాలకే అది. నీకు చెప్పొద్దన్నడు. నువ్వు ఒప్పుకోవని."

"మరి మా ఇంటికొచ్చి కడిగి పాడుచేసిన్రని ఎందుకన్నవ్?"

"సారు ముంగట ఇంకేమనాలె నేను?"

నేను బయటికి వచ్చేసరికి మంచం దంపతులు బకెట్ మీదికి వంగి ఉన్నారు. ఒక ముక్క తేలుతోంది. రెండోది అంచుల నుంచి విచ్చుకుంటోంది. సంచి తీసుకుని, చెక్కలు రెండూ అక్కడే వదిలేసి వచ్చాను.

ఆ సాయంత్రం నేను అరవలేదు. అన్నం పెట్టి, ఆయన తినడం అయ్యాక, సాతంరాయి వెళ్లొచ్చానని చెప్పాను. ఎందుకని అడగలేదు. చెయ్యి కడుక్కోవడానికి లేచినవాడు మళ్లీ కూర్చున్నాడు. చెబుదామనే అనుకున్నానన్నాడు. పాలు పొంగించిన రోజే చెబుదామనుకున్నానని, అందరూ సంతోషంగా ఉన్నారని ఆగానని, తర్వాత సమయం రాలేదని. ఏడాదిన్నర సమయం రాలేదట. "చెప్తే నువ్వు గొడవ చేస్తవ్" అన్నాడు.

గొడవ చేస్తాను. చేసేదాన్నే. చేసి ఉంటే ఆషాఢం పోయి శ్రావణంలో మంచి చెక్కతో పాలు పొంగేవి. నా గొడవకు భయపడి చేసిన పని అది. ఆ పని పాడైనప్పుడు మాత్రం ఆ నేరం నా బకెట్ మీద పెట్టడానికి భయం లేదు. ఆయన దుర్మార్గుడు కాదు, అది నేను ఎవరి ముందైనా చెబుతాను. అక్కకు మాట ఇచ్చాడు, ఆ మాట తప్పడం ఇష్టం లేదు. కాని కిటికీలోంచి పక్కింటి గోడ చూసిన ఆ చూపును నేను ఇప్పటికీ క్షమించలేదు.

మర్నాడే కొత్త పలకలు వేయిస్తానన్నాడు, ఈసారి నీ కళ్ల ముందే అన్నాడు. వద్దన్నాను. మీ అక్కకు నిజం చెప్పేదాకా ఒక్క మేకు కూడా కదలడానికి లేదన్నాను. ఫోన్‌లో చెబుతానన్నాడు. ఫోన్‌లో వద్దు, ఆ మాట ఎక్కడ పుట్టిందో అక్కడే, ఆ అరల ముందే చెప్పాలన్నాను. ఆ పంతం వల్ల కష్టపడింది నేనే. సింకు కింది తలుపు ఊడి గోడకు ఆనింది. పప్పుల డబ్బాలు హాల్లోకి వచ్చాయి. ఇంటికి వచ్చినవాళ్లు అయ్యో అన్నప్పుడల్లా ఆయన్ని అడగండి అనేదాన్ని. ఆయన చెమ్మ అని చెప్పి మాట మార్చేవాడు. శుక్రవారాలు మాత్రం మళ్లీ కడగడం మొదలుపెట్టాను. ఆ శబ్దానికి ఆయన లేచి వెళ్లి బయట కూర్చునేవాడు.

ఎండాకాలం మొదట్లో వదినె వచ్చింది. పండగ కాదు, పబ్బం కాదు, పని మీద వచ్చింది. వాళ్లింట్లో కూడా వంటగది కొత్తగా చేయిస్తున్నారట. సాతంరాయి కార్పెంటరు నంబరు కావాలట. వంటగదిలోకే వచ్చి, ఊడిన తలుపును పక్కకు జరిపి, పీట మీద కూర్చుంది. వెనకే మా ఆయన కూడా వచ్చాడు. "పనితనం మంచిదే తమ్మీ వానిది. మీ దగ్గర నీళ్లకు పోయింది గాని, మా ఇంట్ల మేము తుడుస్తం, కడుగం. మాకు గట్ల గాదు" అంది.

నేను బెండకాయలు కోస్తున్నాను. కోస్తూనే ఉన్నాను. నిజం నా నాలుక చివరిదాకా వచ్చింది, మింగాను. ఆయన నా వైపు చూశాడు. నేను తల ఎత్తలేదు. నంబరు ఇస్తే వాళ్ల ఇంట్లో కూడా అదే పొట్టు వస్తుందని ఆయనకు తెలుసు. ఇవ్వకపోతే ఎందుకో చెప్పాలి. ఫోన్ తీశాడు, మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

"అక్కా, వాని నంబరు వద్దు" అన్నాడు. "ఆమె కడిగినందుకు గాదు. నువ్వు వచ్చే రోజుకు కావాలని నేనే మామూలు బోర్డు ఏపిచ్చిన. ఆమెకు చెప్పలే. ఎవ్వలికి చెప్పలే."

వదినె వంగి, ఉబ్బిన పలక అంచును వేలితో గీకింది. తర్వాత, ముందే చెప్పాలె గదరా అంది తమ్ముడితో. తర్వాత నా వైపు తిరిగి, అయినా వారం వారం అన్ని నీళ్లు మాత్రం ఎందుకే అంది. ఒక్క అంగుళం తగ్గలేదు. నేను కూడా తగ్గదలచుకోలేదు. మంచి చెక్కను ఎలా గుర్తుపట్టాలో చెప్పు మరి, ఒకసారి షాద్‌నగర్ వచ్చి చూడు అంది. వస్తానన్నాను. కాని గృహప్రవేశంలో భోజనాల దగ్గర మీ తోటికోడలికి ఒక మాట చెప్పారు కదా, ముందు దాన్ని వాపసు తీసుకోండి అన్నాను. ఎప్పటి మాట అది, ఆమెకు గుర్తుంటదా అంది. నాకు గుర్తుందన్నాను.

ఆమె తమ్ముడి వైపు చూసింది. ఈసారి ఆయన కిటికీ వైపు చూడలేదు. జేబులోని ఫోన్ తీసి ఆమె చేతికిచ్చాడు.

తోటికోడలు ఎత్తింది. బాగున్నావా, పిల్లలు బాగున్నరా అన్నీ అయ్యాయి. తర్వాత వదినె గొంతు సవరించుకుని, "అదే, మా తమ్ముడింట్ల వంటిల్లు ముచ్చట. మా మరదలు కడిగినందుకు గాదంట" అంది.

కత్తి కింద పెట్టాను.

"గాదంట గాదు వదినె," అన్నాను. "గాదు."

అంట అంటే ఎవరో చెప్పిన మాట. నిజమో అబద్ధమో నాకేం తెలుసు అని చేతులు దులుపుకునే మాట. గృహప్రవేశంలో నన్ను అన్నప్పుడు ఆమె అంట అనలేదు. ముంచింది అంది.

వదినె ఫోన్ చెవికి పెట్టుకునే నన్ను చూసింది. అవతల తోటికోడలు ఏంది, ఏంది అని అడగడం నాకు వినిపిస్తోంది.

"గాదు," అంది వదినె ఫోన్‌లో. "కడిగినందుకు గాదు. మా తమ్ముడు చేసిన పని."

ఫోన్ పెట్టేశాక, చెక్కలో పొరలు ఎలా లెక్కపెట్టాలో ఆమెకు చెప్పడం మొదలుపెట్టాను.